పాత బండితో దూర ప్రయాణం

కొయ్యూరు అనగానే మన కాలేజీలో ఎవరికైనా అల్లూరి సీతారామరాజు జ్ఞాపకం వస్తాడు. 1924 మే 7న ఆ మన్యం వీరుణ్ణి కాల్చి చంపింది మా ఊళ్ళోనే. ఆ తిరుగుబాటుకి రోడ్డు కూడా ఒక కారణమన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. నర్సీపట్నం నుంచి కొండమీదికి వేసే బాట పనికి గిరిజనులచేత చాలీచాలని కూలికి వెట్టిచాకిరీ చేయించారు. ఆ కడుపుమంట కూడా తోడై 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద దాడులు జరిగాయి.

నూరేళ్ళు దాటిపోయాయి. ఇప్పుడు లంబసింగి మంచు చూడటానికి ఆ కొండల మీదికి కార్లు బారులు తీరి వెళుతున్నాయి. ఆ ఘాటు మీదనే నిరుడు మా ఇంటిల్లిపాదికీ చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనయింది. ఆ అనుభవం నుంచి పుట్టిందే ఈ వ్యాసం. పాత వ్యాను ఒకటి బాగుచేయించుకొని, అందులోనే వండుకుంటూ, పడుకుంటూ దూరదేశం పోదామనుకునే వారికి ఇది పనికివస్తుందని నా ఆశ.

ప్రయాణ ప్రయత్నం

మాది వ్యవసాయ కుటుంబం. కొంత వరి, కొంత జీడితోట. సంక్రాంతికి ధాన్యం ఇంటికి చేరుతుంది. జీడిపిక్కలు ఏరే పని మార్చిలోగాని మొదలుకాదు. ఆ నడుమ దొరికే తీరికలోనే మా వాళ్ళు పెళ్ళిళ్ళయినా, యాత్రలయినా పెట్టుకుంటారు. మా మామ్మకి రామేశ్వరం, కన్యాకుమారి చూడాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. పదకొండుమందికి రైలు టిక్కెట్లు, సత్రాలు, హోటలు భోజనాలు అంటే మాటలు కాదు. అప్పుడు మా మావయ్య, "నా టెంపో ఉంది గదా, దాంట్లో ఎల్లిపోదాం. డీజిలు కర్సే మనది" అన్నాడు.

ఆ టెంపో ట్రావెలర్ వయసు పధ్నాలుగేళ్ళు. ఒకప్పుడు పెళ్ళిళ్ళకీ, శబరిమల స్వాములకీ కిరాయికి తిరిగింది. తరవాత రెండేళ్ళపాటు మామిడిచెట్టు కింద గడ్డిమేటు పక్కన నిలబడిపోయింది. మా నుంచి రామేశ్వరం, అక్కణ్ణుంచి కన్యాకుమారి, మదురై, తిరుచ్చి, చెన్నై మీదుగా ఇల్లు చేరడానికి లెక్కవేస్తే సుమారు 3,000 కిలోమీటర్లు.

తెలుగువాళ్ళకి ఇటువంటి ప్రయాణం కొత్తదేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, నూరుమందికి పైబడిన పరివారంతో కాశీయాత్ర చేసి, పదిహేను నెలలకు తిరిగివచ్చారు. వంట, పడక, కాపలా అన్నీ వెంటబెట్టుకునే వెళ్ళారు. ఇప్పుడు అయ్యప్ప దీక్షాపరులు వ్యానులో బియ్యం, గిన్నెలు, పక్కలు వేసుకొని దక్షిణాదికి పోవడం ఏటా చూస్తూనే ఉన్నాం. వేరే దేశాల్లో క్యాంపర్ వ్యాను అని గొప్పగా చెప్పుకునేది మన దగ్గర పేరులేకుండానే నడుస్తూ ఉంది.

మేము చేసిన పొరపాటు మొదటి రోజే జరిగింది. మావయ్య బండికి కొత్త రంగు వేయించాడు. సీట్లకు కొత్త కవర్లు కుట్టించాడు. పాటలకి స్పీకర్ల బేరం కూడా ఆడి వచ్చాడు. ఇంజను స్టార్టయింది, పొగ ఎక్కువ రాలేదు, అంతటితో బండి బాగానే ఉందనుకున్నాం. పైన పటారం, లోన లొటారం అన్న సామెత అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

ఘాటులో జరిగినది

ప్రయాణానికి మూడు వారాల ముందు, బండిని పరీక్షించినట్టూ ఉంటుంది, పిల్లలకు మంచు చూపించినట్టూ ఉంటుందని అందరం లంబసింగి వెళ్ళాం. ఎక్కడంలో ఏ ఇబ్బందీ లేదు. దిగేటప్పుడు మావయ్య బండిని న్యూట్రల్‌లో పెట్టాడు. డీజిలు ఆదా అని మా వైపు చాలామంది డ్రైవర్లకు ఉన్న అలవాటే అది. వరస మలుపుల్లో బ్రేకు మీదనే కాలు. కాసేపటికి ఏదో కాలిన వాసన. డౌనూరు వైపు ఇంకా కొంత దూరం ఉందనగా పెడల్ మెత్తబడింది. మరో మలుపులో నేలకు అంటుకుపోయింది.

మావయ్య చేతివాటం గలవాడు గనక హ్యాండుబ్రేకు లాగుతూ, గేరు ఇరికించి, బండిని లోయ వైపు పోనీయక కొండ వైపు గట్టుకు రాసి ఆపాడు. హ్యాండుబ్రేకు తీగమీద పనిచేస్తుంది, ద్రవం మీద కాదు. ఆ తేడాయే మమ్మల్ని కాపాడింది. మామ్మ మోచెయ్యి కమిలింది. ఇంకెవరికీ దెబ్బలు తగల్లేదు.

అసలు వింత ఆ తరవాత జరిగింది. అరగంట ఆగాక మావయ్య పెడల్ తొక్కిచూస్తే మామూలుగా గట్టిగానే ఉంది! "సూసావా, ఏటీ లేదు. ఏడెక్కిందంతే" అన్నాడు. ఇంటికి చేరాక కూడా అదే మాట. మామ్మ మాత్రం "నాను రాను నాయనా, మీరెల్లండి" అంది. నాన్న ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ద్రావణాల మరుగుస్థానం గురించి పరీక్షలో రెండు పేజీలు రాసినవాణ్ణి నేను. నీళ్ళలో ఉప్పు వేస్తే మరుగుస్థానం పెరుగుతుందని రాశాను. బ్రేకాయిల్‌లో నీళ్ళు చేరితే దాని మరుగుస్థానం పడిపోతుందన్న సంగతి మాత్రం మా బండి దాకా తీసుకురాలేకపోయాను.

బ్రేకు శాస్త్రం

బ్రేకు పనిచేసేది పాస్కల్ నియమం మీద. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని ఒత్తిడి ద్రవం ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది. ద్రవం నొక్కితే నలగదు గనకనే ఇది సాధ్యం. వాయువు నలుగుతుంది. గొట్టంలో ఆవిరి బుడగలు పుడితే మన కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది. చక్రానికి చేరేదేమీ ఉండదు.

బుడగలు ఎందుకు పుడతాయి? మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4 రకాల బ్రేకాయిల్‌కి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. మా మన్యం తేమలో ఏళ్ళ తరబడి మార్చని ఆయిల్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. చల్లారితే ఆవిరి మళ్ళీ ద్రవమై పెడల్ గట్టిపడుతుంది. మావయ్యను మోసపుచ్చింది ఈ గట్టిదనమే. తిరిగి బాగుపడినట్టు కనిపించే జబ్బును నమ్మకూడదు.

ఇక వేడి లెక్క. బండి, మనుషులు, సామాను కలిపి మూడు టన్నులు అనుకుందాం. 800 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవలసిన శక్తి 3000 × 9.8 × 800. అంటే సుమారు 2 కోట్ల 35 లక్షల జౌళ్ళు. 30 డిగ్రీల నీళ్ళు 80 లీటర్లు మరిగే స్థాయికి తెచ్చేటంత వేడి! బండి న్యూట్రల్‌లో ఉంటే గాలి, చక్రాల రాపిడి తీసుకునే కొంత భాగం పోగా ఈ భారమంతా బ్రేకుల మీదనే పడుతుంది. రెండో గేరులో దిగితే ఇంజను అడ్డుపడి చాలా భాగం తానే మింగుతుంది. అందుకే పాత డ్రైవర్లు "ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు" అంటారు. ఇంజను ఆపేసి దిగడం ఇంకా ప్రమాదం. బ్రేకుకి సాయపడే వాక్యూం బూస్టరు ఇంజను ఆగాక రెండు మూడు తొక్కుళ్ళకు మించి పనిచెయ్యదు.

మర్నాడు ఇదంతా కాగితం మీద లెక్కగట్టి చూపిస్తే మావయ్యకు కోపం వచ్చింది. "నువ్వు సదివింది పుస్తకంలో. నాను నడిపింది రోడ్డు మీద" అన్నాడు. ఆ మాట నిజమే. నాకు డ్రైవింగు రాదు. అప్పుడు నాన్న నోరువిప్పాడు. "మీ తాతయ్య ఎడ్లబండి కట్టి సంతకెళ్ళాలన్నా ముందు ఇరుసు సూసీవోడు, సీల సూసీవోడు, కందెన రాసీవోడు. ఎడ్లకు నాడాలు కొట్టించీవోడు. గంటలు ఆకర్న కట్టీవోడు. మనం గంటలు ముందు కట్టాం." ఆ మాటతో స్పీకర్ల బేరం ఆగిపోయింది. బండి షెడ్డుకి వెళ్ళింది.

మేస్త్రి పాత ఆయిల్‌ని గాజు గ్లాసులోకి తీశాడు. కాఫీ డికాక్షను రంగులో ఉంది. కొత్తది లేత తేనెరంగులో ఉంటుంది. మావయ్య ఆ రెండు గ్లాసుల వంక చూసి ఏమీ అనలేదు. ఆయిల్‌తో పాటు వెనక బ్రేకు షూలు, ముందు ప్యాడ్లు, పగుళ్ళిచ్చిన రబ్బరు హోసు పైపులు అన్నీ మార్చాం. పైపుల్లో గాలి మిగలకుండా తీయించాం. ఆ పనిలో ఆయిల్ చుక్కలు బానెట్ మీద పడి అరచెయ్యంత మేర కొత్త రంగు ఊడిపోయింది. బ్రేకాయిల్ రంగును తినేస్తుంది, పడగానే నీళ్ళతో కడిగెయ్యాలి. ఈ సంగతి ఎవరైనా ముందే చెబితే బాగుండేది.

కాటా

జీడిపిక్కలు అమ్మేటప్పుడు అరకిలోకి తగువాడే మేము బండిని ఏనాడూ కాటాకి ఎక్కించలేదు. అనుకున్న సామానంతా వేసి, మనుషులతో సహా వేబ్రిడ్జి మీద పెడితే, ఆర్.సి.లో రాసి ఉన్న మొత్తం బరువుకన్నా 260 కిలోలు ఎక్కువ తేలింది. బరువు పెరిగితే బ్రేకులు, టైర్లు, స్ప్రింగులు, క్లచ్చి అన్నిటికీ ఒకేసారి శిక్ష. పైన క్యారేజీ మీద వేసిన బరువు మరీ చెడ్డది. గరిమనాభి పైకి జరిగి మలుపుల్లో బండి ఒరుగుతుంది.

తగ్గించడానికి ఇంట్లో పంచాయితీ జరిగింది. చెక్కమంచాలు పోయాయి. రెండు నీళ్ళ డ్రమ్ములు పోయి ఇరవై లీటర్ల క్యాన్లు మూడు మిగిలాయి. బియ్యం దగ్గర అమ్మ పట్టు విడవలేదు. అరవదేశంలో ఉప్పుడు బియ్యం, మనకు పడవని ఆమె వాదన. చివరికి మామ్మే తీర్పు చెప్పింది: "రామేశ్వరంలో మనుసులు తినడం లేదేటి? ఒక బస్తా చాలు." అలా అన్నాక తాను వస్తున్నట్టేనని మాకు అర్థమైంది.

రబ్బరు, నీరు, తీగ

*టైర్లు.* గీతలు లోతుగా ఉన్నాయి గదా అని మురిసిపోకూడదు. తిరగని బండి టైరు కూడా ముసలిదవుతుంది. ఎండ, గాలి తగిలి రబ్బరు గట్టిపడి పక్కగోడలో సన్నని పగుళ్ళు వేస్తుంది. టైరు మీద కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం అన్నమాట. స్టెప్నీ కోసం "కొత్తది" అని మాకు అంటగట్టిన టైరు మీద ఈ అంకెలు చదివితే అది ఆరేళ్ళ నాటిది. వాదించి మార్పించుకున్నాం. గాలి తక్కువైతే టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువ నలిగి వేడెక్కి పగులుతుంది. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. వేడిమీద ఎక్కువగా కనిపించిందని తగ్గించకూడదు.

*రేడియేటరు.* ఏళ్ళ తరబడి బోరునీళ్ళు పోస్తే లోపల కుండకు పట్టినట్టు తెల్లటి చట్టు పడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. మా రేడియేటరు విప్పి కడిగిస్తే గుప్పెడు చట్టు రాలింది. తరవాత శుద్ధమైన నీటిలో కూలెంటు కలిపి పోయించాం. మూతలో ఉన్న స్ప్రింగు కూడా ముఖ్యమే. అది లోపలి ఒత్తిడిని నిలబెట్టడం వల్లనే నీరు 100 దగ్గర మరగకుండా సుమారు 120 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ప్రెషర్ కుక్కరు సూత్రమే. వేడి ఇంజను మీద మూత తీసినవాడు మొహం కాల్చుకునేది ఇందుకే. హోసు పైపుల్ని చేత్తో పిసికి చూడాలి. పెళుసుగా ఉన్నా, మరీ మెత్తగా ఉన్నా మార్చెయ్యాలి. ఫ్యాను బెల్టు కొత్తది వేయించి, పాతది పనికొచ్చేదైతే వెంట ఉంచుకోవాలి.

*డీజిలు.* రెండేళ్ళు నిలిచిన ట్యాంకులో గాలిలోని తేమ నీరై అడుక్కి చేరుతుంది. డీజిలు కన్నా నీరు బరువు గదా. ట్యాంకు అడుగు మర తీసి మడ్డి పోయేదాకా వదిలి, ఫిల్టరు మార్చాలి. ఇది చెయ్యకపోతే బండి ఇంటి దగ్గర చక్కగా నడిచి, హైవే మీద ఉన్నట్టుండి ఆగుతుంది.

*కరెంటు.* గడ్డిమేటు పక్కన నిలిచిన బండిలో ఎలుకలు కాపురం పెట్టాయి. మూడు చోట్ల తీగల తొడుగు కొరికేశాయి. ఆ తీగలు ఒకదానికొకటి తగిలితే నిప్పే. బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు లేకుండా కొత్త తీగ ఏదీ లాగకూడదు. రాత్రి ఫ్యాన్లకు, దీపాలకు వేరే బ్యాటరీ పెట్టుకోవడం మంచిది. లేకపోతే తెల్లవారి బండి స్టార్టు కాదు. లెక్క సులభమే. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సగమే వాడుకోవాలనుకుంటే 50 చేతికొస్తుంది. రెండు ఆంపియర్లు లాగే ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 16. అలాంటి ఫ్యాన్లు రెండు, చిన్న ఎల్.ఇ.డి. దీపాలు రెండు పెట్టుకోవచ్చు. మూడో ఫ్యాను ఆశపడకూడదు. ఆశపడింది నేనే, మా చెల్లెలు లెక్కచేసి నన్ను ఓడించింది.

పడక, పొయ్యి, కాగితాలు

మంచాలు పోయాయి గనక సీట్ల నడుమ వేసి తీసే పలకలు చేయించాం. మగవాళ్ళు బయట తార్పాలిన్ కింద, ఆడవాళ్ళూ పిల్లలూ లోపల. మన్యంలో పుట్టినవాళ్ళకి మలేరియా సంగతి చెప్పనక్కరలేదు. అద్దాలు దించి, కిటికీలకు దోమతెర గుడ్డ బిగించాం. చలికో, ఉక్కకో అద్దాలన్నీ మూసి ఇంజను నడుస్తూ ఉండగా నిద్రపోవడం, లోపల బొగ్గుల కుంపటి పెట్టడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు.

వంట బండిలో చెయ్యనే కూడదు. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషను దగ్గర ఆగి ఉన్న యాత్రికుల రైలుపెట్టెలోకి దొంగచాటుగా తెచ్చిన గ్యాసు సిలిండరు వల్ల మంటలు లేచి కనీసం తొమ్మిదిమంది చనిపోయారు. వాళ్ళూ మనలాగే ఇంటి వంట తింటూ రామేశ్వరం చూద్దామని బయలుదేరినవాళ్ళే. మేము చిన్న సిలిండరును నిలువుగా కట్టి, వాల్వు మూసి, బండి ఆపిన చోట పది పదిహేను అడుగుల దూరం మోసుకెళ్ళి వండుకున్నాం. మంటలార్పే సిలిండరు డ్రైవరు సీటు పక్కనే పెట్టాం, సామాను అడుగున కాదు.

కాగితాలు: ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కావాలి. బీమా, కాలుష్యం సర్టిఫికెట్టు, ఇతర రాష్ట్రాలకు చెల్లే పర్మిట్టు సరిచూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్.సి.లో ఉన్నదానికి భిన్నంగా బండిని ఇష్టంవచ్చినట్టు మార్చకూడదు. సీట్లు కోసి మంచాలు వెల్డింగు చేయిస్తే రోడ్డు మీద పోలీసుతోనూ, ప్రమాదం జరిగితే బీమాతోనూ చిక్కు. తీసి పెట్టే పలకలతో ఆ బాధ లేదు.

మళ్ళీ ఘాటుకి

అన్నీ అయ్యాక మావయ్యే అన్నాడు, మళ్ళీ లంబసింగి ఎక్కి దిగి చూద్దామని. ఈసారి మనుషుల్ని ఎక్కించలేదు. 75 కిలోల ధాన్యం బస్తాలు పది వేశాం. మావయ్య, మేస్త్రి, వాళ్ళిద్దరే వెళ్ళారు. మేము కిందన డౌనూరులో టీకొట్టు దగ్గర నిలబడ్డాం. రెండో గేరులో, ఇంజను మోతతో, బండి నెమ్మదిగా మలుపులు తిరుగుతూ దిగివచ్చింది. మావయ్య దిగగానే ఒక్కొక్క చక్రం దగ్గరా వంగి, చెయ్యి తగలకుండా దగ్గరగా పెట్టి వేడి చూశాడు. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయన్నాడు. ఒకటి మాత్రం ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తున్నదని అర్థమట. ఇది నా పుస్తకంలో లేదు, మావయ్యే నేర్పాడు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి బయలుదేరాం. తుని దగ్గర 16వ నెంబరు జాతీయ రహదారి ఎక్కి, పదకొండు రోజులు తిరిగి క్షేమంగా ఇల్లు చేరాం. దారిలో వచ్చిన ఇబ్బంది ఒక్క పంక్చరు. 1964 తుపానులో కొట్టుకుపోయిన ధనుష్కోటి శిథిలాల దగ్గర మామ్మ చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. అక్కడి ఉప్పుగాలి, ఇసక ఇనుముకి శత్రువులు గనక రామనాథపురంలో ఆగి బండి అడుగంతా మంచినీళ్ళతో కడిగించాం.

మిత్రులారా, నేను ఇందులో చెప్పిన సైన్సంతా ఇంటర్మీడియెట్ స్థాయిదే. పాస్కల్, మరుగుస్థానం, ఓమ్ నియమం మనలో రానివాళ్ళు లేరు. కాని మార్కులు వచ్చిన పాఠాన్ని ఇంటి ముందు నిలబడిన బండి దాకా నడిపించలేకపోతే ఆ చదువు మా మామ్మ మోచేతిని కూడా కాపాడలేదు. మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే ఈ సెలవుల్లో ఒకసారి బానెట్ ఎత్తి బ్రేకాయిల్ రంగు చూడండి.

మా టెంపో బానెట్ మీద రంగు ఊడిన అరచెయ్యంత మచ్చ ఇంకా అలాగే ఉంది. రంగు వేయించమంటే మావయ్య ఒప్పుకోడు. "ఉండనీరా, డ్రైవింగు నేర్చుకుంతన్నావు గదా, నీక్కూడా కనపడాల" అంటాడు.